పాతతరం ఫుట్టీ ఆటగాళ్లలో ముందు ఎవరి గురించి చదవాలి?

మెల్‌బోర్న్‌లో ఉంటే మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఫుట్టీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) మాట తప్పించుకోలేం. ఆఫీసులో అదే కబురు, పిల్లలు ఆస్‌కిక్ అనే పిల్లల ఫుట్టీ శిక్షణలో చేరితే ఇంట్లోనూ అదే. ఇప్పటి ఆటగాళ్ల పేర్లు ఒక సీజన్ చూస్తే నోటికి వచ్చేస్తాయి. పాతవాళ్ల విషయంలో అలా కుదరదు. బరాసీ, విట్టెన్, కోల్‌మన్, ఫార్మర్ అంటూ పెద్దవాళ్లు పేర్లు చెబుతుంటారు. ఎవరి దగ్గర మొదలుపెట్టాలో మాత్రం అంతుపట్టదు. క్రికెట్‌లో అలవాటైనట్టు అంకెల పట్టిక చూసి ఎంచుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో 1990కి ముందు దేశమంతటికీ ఒకే లీగ్ లేదు. అందుకే ఒకే పట్టికలో అందరూ దొరకరు.

ఇక్కడ ఐదుగురిని పోలుస్తున్నాం: డగ్ నికోల్స్, జాన్ కోల్‌మన్, టెడ్ విట్టెన్, రాన్ బరాసీ, గ్రాహం 'పాలీ' ఫార్మర్. వీళ్లలో ఎవరు గొప్ప అన్నది మన ప్రశ్న కాదు. మీకు ఏం తెలుసుకోవాలని ఉందో దానికి ఎవరి జీవితం సరిపోతుందన్నదే ప్రశ్న.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, వీడియో ఉందా లేదా. ఆస్ట్రేలియాకు టీవీ వచ్చింది 1956లో. విక్టోరియా లీగ్ ఆటలు టీవీలో కనిపించడం 1957లో మొదలైంది. అంతకుముందే ఆట ముగించినవాళ్ల గురించి ఎక్కువగా పత్రికల్లో చదువుకోవాల్సిందే. చదవడం ఇష్టం లేనివాళ్లు నికోల్స్‌తో, కోల్‌మన్‌తో మొదలుపెడితే మధ్యలో వదిలేస్తారు.

రెండోది, అంకెలు ఎంతవరకు నమ్మొచ్చు. విక్టోరియా లీగ్‌లో 1953 నుంచి 1967 దాకా ఫైనల్స్ కాకుండా జట్టుకు సీజన్‌కు 18 ఆటలే. 1968, 69లో 20 అయ్యాయి, 1970 నుంచి 22. కాబట్టి ఒక సీజన్‌లో కొట్టిన గోల్స్ మొత్తం కంటే ఆటకు సగటు చూడడం మేలు. ఆటగాడివారీగా కిక్కులు, హ్యాండ్‌బాల్స్ (బంతిని పిడికిలితో కొట్టి అందించడం) లెక్క మనకు దొరికేది 1965 నుంచి. ట్యాకిల్స్ (బంతి ఉన్నవాణ్ని పట్టి ఆపడం) లెక్క 1987 నుంచి. 1955లో బరాసీ ఎన్ని ట్యాకిల్స్ చేశాడని వెతికితే ఏమీ రాదు.

మూడోది, ఏ లీగ్. విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియా, వెస్టర్న్ ఆస్ట్రేలియా దేనికది పెద్ద లీగ్. ఇప్పటి దేశవ్యాప్త లీగ్ ఏఎఫ్‌ఎల్ విక్టోరియా లీగ్‌కు కొనసాగింపు కాబట్టి దాని రికార్డుల్లో విక్టోరియా ఆటలే లెక్కకు వస్తాయి. దీనివల్ల ఈ ఐదుగురిలో ఎక్కువ నష్టపోయింది ఫార్మర్.

నాలుగోది, ఆట బయటి జీవితం. 1930లో విక్టోరియా లీగ్ తెచ్చిన కూల్టర్ నిబంధన ప్రకారం ఆటకు 3 పౌండ్లకు మించి ఇవ్వకూడదు. అందుకే అప్పటి ఆటగాళ్లందరికీ వేరే కొలువు ఉండేది. రిచ్‌మండ్ వీరుడు జాక్ డయ్యర్ పోలీసు, కోల్‌మన్ హోటల్ నడిపాడు, నికోల్స్ పాస్టర్ అయ్యాడు. ఆటతోపాటు ఆ కాలపు బతుకు కూడా తెలియాలంటే పాతవాళ్ల కథలే చిక్కగా ఉంటాయి.

స్కోరు చదవడం ఇంకా అలవాటు కానివాళ్లకు ఒక్క మాట. 17.9 (111) అంటే 17 గోల్స్, 9 బిహైండ్లు (గోల్ స్తంభాల పక్క సందులోంచి పోయినవి). గోల్‌కు 6, బిహైండ్‌కు 1. మొత్తం 111.

| ఆటగాడు | ప్రధాన జట్లు | విక్టోరియా లీగ్ ఆటలు | వీడియో | బాగా నేర్పే విషయం |
|---|---|---|---|---|
| డగ్ నికోల్స్ | నార్త్‌కోట్, ఫిట్జ్‌రాయ్ | 54 | దాదాపు లేదు | ఆదివాసుల హక్కుల చరిత్ర |
| జాన్ కోల్‌మన్ | ఎసెండన్ | 98 (537 గోల్స్) | చాలా తక్కువ | గోల్ కొట్టే కళ, పత్రికల కాలం |
| టెడ్ విట్టెన్ | ఫుట్స్‌క్రే | 321 | కొంత | పేటకూ జట్టుకూ ఉన్న బంధం |
| రాన్ బరాసీ | మెల్‌బోర్న్, కార్ల్‌టన్ | 254 | బాగా ఉంది | కోచింగ్, నియమాలు, మారిన ఆట |
| పాలీ ఫార్మర్ | ఈస్ట్ పెర్త్, జీలాంగ్, వెస్ట్ పెర్త్ | 101 (మూడు జట్లకూ కలిపి 356) | జీలాంగ్ రోజులవి ఉన్నాయి | హ్యాండ్‌బాల్, రక్ ఆట |

రాన్ బరాసీ: ఎక్కువమందికి ఇదే సరైన మొదలు

ఒక్కడి జీవితం చదివి ఫుట్టీ చరిత్రలో సగం తెలుసుకోవాలంటే బరాసీనే. తండ్రి పేరు కూడా రాన్ బరాసీయే. ఆయన 1940లో మెల్‌బోర్న్ క్లబ్ గెలిచినప్పుడు జట్టులో ఉన్నాడు, 1941లో టోబ్రుక్ యుద్ధంలో చనిపోయాడు. కొడుకు ఎదిగేసరికి అతను ఉంటున్న ప్రాంతం లెక్కన వేరే క్లబ్బుకు పోవాలి. అతన్ని మెల్‌బోర్న్‌కే తెచ్చుకోవడానికి ఆ క్లబ్ పట్టుబట్టి తండ్రీకొడుకుల నిబంధన తెప్పించింది. ఆ నిబంధన ఇప్పటికీ బతికే ఉంది. పీటర్ డైకోస్ కొడుకు నిక్ డైకోస్ కాలింగ్‌వుడ్‌కు ఆడుతున్నాడంటే దాని వల్లే.

తండ్రితో కలిసి ఆడిన నార్మ్ స్మిత్ అప్పటికి మెల్‌బోర్న్ కోచ్. కుర్రాణ్ని తన ఇంటి పెరట్లోని గదిలో ఉంచుకున్నాడు. గ్రాండ్ ఫైనల్‌లో మేటి ఆటగాడికి ఇచ్చే పతకం ఈ స్మిత్ పేరు మీదే ఉంది. బరాసీ ఆటగాడిగా ఆరు ప్రీమియర్‌షిప్‌లు (సీజన్ విజేత కప్పులు) గెలిచాడు: 1955, 56, 57, 59, 60, 64. ఆ 1964 చివర్లోనే కార్ల్‌టన్‌కు వెళ్లిపోయాడు, ఆటగాడూ కోచ్ తానే అయి. క్లబ్ మారడం ద్రోహంగా చూసే రోజులవి. మెల్‌బోర్న్ అభిమానులు ఆ గాయం చాలాకాలం మోశారు. వాళ్ల జట్టు మళ్లీ కప్పు ఎత్తింది 2021లో.

కోచ్‌గా అతని గురించి తెలియాలంటే 1970 గ్రాండ్ ఫైనల్ చూడండి. ఎం.సి.జి.లో 1,21,696 మంది. సగం ఆట అయ్యేసరికి కాలింగ్‌వుడ్ 44 పాయింట్లు ముందుంది. విరామంలో బరాసీ తన వాళ్లకు చెప్పింది హ్యాండ్‌బాల్ ఆడమని, వెనక్కి తగ్గకుండా పరుగెత్తమని. బర్ట్ థార్న్లీ స్థానంలో టెడ్ హాప్కిన్స్‌ను దింపాడు. హాప్కిన్స్ 4 గోల్స్ కొట్టాడు. చివరికి కార్ల్‌టన్ 17.9 (111), కాలింగ్‌వుడ్ 14.17 (101). ఈ హాప్కిన్సే తర్వాతి కాలంలో ఛాంపియన్ డేటా అనే గణాంకాల సంస్థను స్థాపించాడు. ఇవాళ తెరమీద కనిపించే అంకెలు చాలావరకు అక్కడివే.

ఆ వీడియో చూసేటప్పుడు కొన్ని విషయాలు కొత్తగా అనిపిస్తాయి. అప్పట్లో బయటికి వెళ్లిన ఆటగాడు మళ్లీ లోపలికి రాకూడదు. మార్చి మార్చి దించే పద్ధతి 1978లో వచ్చింది. మైదానంలో ఆట నడిపే అంపైర్ ఒక్కడే, ఇద్దరు అయ్యింది 1976లో. మధ్యలో చతురస్రం గీత కూడా ఉండదు, అది 1975 నాటిది. ఇవి తెలియక చాలామంది 'ఇదేం గందరగోళం' అని పది నిమిషాల్లో ఆపేస్తారు. తెలిసి చూస్తే ఆ గుంపులోంచి బంతి బయటికి తీయడం ఎంత కష్టమో అర్థమవుతుంది, హ్యాండ్‌బాల్ ఆడమన్న బరాసీ మాటకు విలువ తెలుస్తుంది.

ఆ తర్వాత నార్త్ మెల్‌బోర్న్‌కు 1975లో దాని మొదటి కప్పు, 1977లో రెండోది తెచ్చాడు. 1993 నుంచి 95 దాకా సిడ్నీకి కోచ్. 2023 సెప్టెంబరులో చనిపోయాడు.

బరాసీతో ఇబ్బంది ఒకటుంది. కథ పెద్దది, క్లబ్బులు ఎక్కువ, పేర్లు కుప్పలు. ఒక వారాంతంలో అయ్యేది కాదు. ముందు 1964 వరకు చదివి ఆగండి. 1970 వీడియో చూసి మిగతాది చదవండి.

పాలీ ఫార్మర్: ఆట ఎలా మారిందో తెలియాలంటే

మీ పిల్లాడు హ్యాండ్‌బాల్ నేర్చుకుంటున్నాడా? అయితే బరాసీ కంటే ముందు ఫార్మర్‌నే చదవండి. ఫార్మర్ కంటే ముందు హ్యాండ్‌బాల్ ఆపదలో వాడే ఉపాయం. కిక్ కొట్టే దారి లేనప్పుడు ఎవరికో ఒకరికి అంటగట్టడమే. ఫార్మర్ దాన్ని దాడికి మొదటి అడుగుగా మార్చాడు. మార్క్ (తన్నిన బంతిని గాల్లోనే అందుకోవడం) పట్టి నేలమీద దిగేలోపే బంతి ముందుకు పరుగెత్తేవాడికి చేరిపోయేది. కారు కిటికీ అద్దం దించి, ఆ సందులోంచి బంతి పంపుతూ సాధన చేశాడు. దూరం, ఎత్తు, వేగం మూడూ కుదిరితేనే బంతి లోపలికి పోతుంది.

అతను న్యూంగర్ అనే ఆదివాసి జాతివాడు. 1935లో పుట్టాడు, పెర్త్‌లోని సిస్టర్ కేట్స్ అనే పిల్లల ఆశ్రమంలో పెరిగాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు పొట్టిగా ఉండిపోయింది. ఎగిరి బంతి అందుకోవడమే పనిగా ఉండే రక్‌మన్‌కు అది ఎంత లోటో చెప్పక్కర్లేదు. ఈస్ట్ పెర్త్‌కు 176 ఆటలాడి, 1962లో జీలాంగ్‌కు వచ్చాడు. వచ్చిన ఏడాదే మోకాలి దెబ్బతో సీజన్‌లో ఎక్కువ భాగం పోయింది. మరుసటి ఏడాది, 1963 గ్రాండ్ ఫైనల్‌లో జీలాంగ్ హాథార్న్‌ను 49 పాయింట్ల తేడాతో ఓడించింది. ఫార్మర్ రక్‌లో తట్టిన బంతిని కింద అందుకున్నది రోవర్ బిల్లీ గాగిన్. వీళ్లిద్దరి జోడీ ఉన్న వీడియోలో బంతిని చూడకండి, గాగిన్ అడుగులు చూడండి. ఫార్మర్ ఎగరకముందే అతను కదులుతాడు.

1968లో సొంతూరికి తిరిగొచ్చి వెస్ట్ పెర్త్‌కు కెప్టెన్, కోచ్‌గా 1969, 1971 ప్రీమియర్‌షిప్‌లు గెలిపించాడు. 1973 నుంచి 75 దాకా జీలాంగ్ కోచ్. విక్టోరియా లీగ్‌లో ఆదివాసి కోచ్ అతనే మొదటివాడు. 2019లో చనిపోయాడు. మరణానంతరం మెదడు పరీక్షించినప్పుడు పదేపదే తలకు తగిలిన దెబ్బల వల్ల వచ్చే సీటీఈ జబ్బు బయటపడింది. ఏఎఫ్‌ఎల్ స్థాయి ఆటగాళ్లలో ఈ నిర్ధారణ జరిగింది మొదట ఇతనికే. పిల్లల్ని ఆటకు పంపే తల్లిదండ్రులు ఈ భాగం దాటవేయకుండా చదవాలి. తలకు దెబ్బ తగిలిన ఆటగాణ్ని ఇప్పుడు ఎందుకంత కచ్చితంగా పక్కన కూర్చోబెడుతున్నారో తెలుస్తుంది.

చిక్కల్లా అంకెల్లోనే. ఏఎఫ్‌ఎల్ జాబితాలో వెతికితే 101 ఆటలు అని వస్తుంది. 'ఇంతేనా' అనుకుని పక్కన పెట్టేస్తారు. మొత్తం 356 ఆటల్లో మూడో వంతు కూడా కాదది.

డగ్ నికోల్స్: ఆట కంటే మనిషి ముఖ్యమైతే

ఆట నేర్చుకోవాలంటే నికోల్స్ దగ్గర ఎక్కువ దొరకదు, వీడియో లేదు. కానీ ఏటా ఏఎఫ్‌ఎల్ 'సర్ డగ్ నికోల్స్ రౌండ్' ఎందుకు జరుపుతుందో తెలియకుండా ఈ దేశంలో ఫుట్టీ అర్థమైందని అనుకోలేం. యోర్తా యోర్తా అనే ఆదివాసి జాతి. 1906లో మరీ నది ఒడ్డున కమ్మెరగంజలో పుట్టాడు. చిన్నతనంలోనే పోలీసులు వచ్చి అక్క హిల్డాను ఎత్తుకుపోవడం కళ్లారా చూశాడు.

1927లో కార్ల్‌టన్‌లో అవకాశం కోసం వెళితే, ఒంటి రంగు కారణంగా మర్దన చేయడానికి సిబ్బంది ఒప్పుకోలేదు. అక్కడినుంచి నార్త్‌కోట్‌కు వెళ్లి 1929లో ప్రీమియర్‌షిప్ గెలిచాడు. అదే ఏడాది వారక్‌నబీల్‌లో పరుగుపందెం కూడా గెలిచాడు. ఎత్తు 158 సెం.మీ. మాత్రమే, వేగమే అతని ఆయుధం. 1932లో ఫిట్జ్‌రాయ్‌కు వచ్చాక బట్టలు మార్చుకునే గదిలో ఒంటరిగా కూర్చుంటే, అప్పటి మహావీరుడు హేడన్ బంటన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. అప్పటికే లీగ్‌లో మేటి ఆటగాడికిచ్చే బ్రౌన్లో పతకం గెలిచినవాడు అలా చేయడంతో జట్టులో మిగతావాళ్ల తీరూ మారింది.

ఆట తర్వాత ఫిట్జ్‌రాయ్ గోర్ స్ట్రీట్‌లో పాస్టర్‌గా పనిచేశాడు, ఆదివాసుల హక్కుల కోసం దశాబ్దాలు పోరాడాడు. 1972లో సర్ బిరుదు వచ్చింది, ఆదివాసుల్లో మొదటిసారి. 1976 డిసెంబరులో సౌత్ ఆస్ట్రేలియా గవర్నర్ అయ్యాడు. ఆరోగ్యం దెబ్బతిని కొద్ది నెలలకే దిగిపోవాల్సి వచ్చింది. మెల్‌బోర్న్ పార్లమెంట్ గార్డెన్స్‌లో అతనిదీ, భార్య గ్లాడిస్‌దీ విగ్రహం ఉంది. స్కూల్లో పిల్లలకు ఆస్ట్రేలియన్ జీవిత చరిత్ర మీద ప్రాజెక్టు ఇస్తే ఈ ఐదుగురిలో నికోల్స్‌ను మించిన ఎంపిక లేదు.

జాన్ కోల్‌మన్: చిన్న కథ, పదునైన కథ

సమయం తక్కువ ఉన్నవాళ్లకు కోల్‌మన్. 1949లో ఎసెండన్‌కు మొదటి ఆటలోనే 12 గోల్స్. ఆ సీజన్ నూరో గోల్ గ్రాండ్ ఫైనల్లోనే కొట్టాడు. తర్వాతి ఏడాది 120. ఆరు సీజన్లలో 98 ఆటలు, 537 గోల్స్. ఆటకు దాదాపు ఐదున్నర. 1951లో తనను కొట్టిన ప్రత్యర్థిని తిరిగి కొట్టినందుకు నాలుగు వారాల నిషేధం పడి గ్రాండ్ ఫైనల్ పోయింది, ఎసెండన్ 11 పాయింట్లతో ఓడింది. 1954లో ఒక వారం 14 గోల్స్ కొట్టాడు, మరుసటి వారం మోకాలు తప్పింది. 25 ఏళ్లకే ఆట ముగిసింది. అలాంటి మోకాళ్లను బాగుచేసే శస్త్రచికిత్స ఆ రోజుల్లో లేదు. కోచ్‌గా 1962, 1965లో ఎసెండన్‌ను గెలిపించి, 44 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. ఏటా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఇచ్చే పతకం అతని పేరు మీదే.

అతని ఎగురుడు గురించి విన్నవాళ్లు వీడియో కోసం వెతికి నిరాశపడతారు, టీవీ రాకముందే ఆట ఆపేశాడు కదా. ఆ లోటు తీర్చేది ట్రోవ్. జాతీయ గ్రంథాలయం ఉచితంగా పెట్టిన పాత పత్రికల భాండాగారం ఇది. అందులో చాలా పత్రికలు 1954 వరకే ఉన్నాయి, కోల్‌మన్ ఆటకు అది అచ్చంగా సరిపోతుంది. పేరొక్కటే కొడితే వేలకొద్దీ వస్తాయి. 'కోల్‌మన్ ఎసెండన్' అని ఇంగ్లిష్‌లో కొట్టి, తేదీని ఆటకు మరుసటి సోమవారానికి బిగించండి. మెల్‌బోర్న్‌లో ఆదివారం పత్రికలు లేని కాలం కాబట్టి శనివారం ఆటల కథనాలు ఉదయపు పత్రికల్లో సోమవారం వచ్చేవి.

టెడ్ విట్టెన్: పడమటి పేటల్లో ఉండేవాళ్లకు

టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు ఉండే తెలుగువాళ్లకు విట్టెన్ ఇంటిపక్క మనిషే. వెస్టర్న్ రింగ్ రోడ్డు మీద మారిబర్నాంగ్ నది దాటే ఈ.జె. విట్టెన్ బ్రిడ్జి ఇతని పేరే. వెస్ట్ ఫుట్స్‌క్రే స్టేషన్‌కు దగ్గర్లోని విట్టెన్ ఓవల్ కూడా. ఫుట్స్‌క్రేకు 321 ఆటలాడాడు, క్లబ్ మారలేదు. గెలిచింది మాత్రం 1954 ఒక్కటే. ఆ రోజు ఓడిన మెల్‌బోర్న్ జట్టులో కుర్ర బరాసీ ఉన్నాడు. ఆ క్లబ్బుకు తర్వాతి కప్పు 2016లో వచ్చింది. 1995 జూన్‌లో, క్యాన్సర్‌తో చూపు పోయిన స్థితిలో, విక్టోరియా రాష్ట్ర జట్టు ఆడే రోజున కారులో ఎం.సి.జి. చుట్టూ తిరిగి జనానికి చెయ్యి ఊపాడు. ఆ వీడియో చూస్తే విక్టోరియా పెద్దవాళ్లు అతని పేరెత్తగానే ఎందుకు మౌనమైపోతారో తెలుస్తుంది. ఆగస్టులో చనిపోయాడు. ఆటలో మెలకువల కోసమైతే ఇతని దగ్గర ఆగక్కర్లేదు, ఆ పనికి ఫార్మర్ మేలు.

పేర్ల దగ్గర జాగ్రత్త

వెతికేటప్పుడు తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. కార్ల్‌టన్ రక్‌మన్ జాన్ నికోల్స్ వేరు, డగ్ నికోల్స్ వేరు. నార్త్ అడిలైడ్‌కు 1,417 గోల్స్ కొట్టిన కెన్ ఫార్మర్‌కూ పాలీ ఫార్మర్‌కూ చుట్టరికం లేదు. బరాసీలు, బంటన్లు, విట్టెన్లు తండ్రీకొడుకులు ఒకే పేరుతో ఉన్నారు, పుట్టిన ఏడాది సరిచూసుకోవాలి. ఫార్మర్‌ను 'గ్రాహం' అని, విట్టెన్‌ను 'ఈ.జె.' అని కూడా రాస్తారు కాబట్టి రెండు రూపాల్లోనూ వెతకండి.

మెల్‌బోర్న్ బయట ఉంటే

పెర్త్‌లో ఉన్నవాళ్లు ఆలోచించకుండా ఫార్మర్‌తో మొదలుపెట్టండి. నార్త్‌బ్రిడ్జి కింద సొరంగంలోంచి పోయే గ్రాహం ఫార్మర్ ఫ్రీవేలో రోజూ తిరుగుతూనే ఉంటారు.

అడిలైడ్ వాళ్లకు ఈ ఐదుగురూ కాదు, బారీ రాబ్రన్. విక్టోరియా లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడకుండానే ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 'లెజెండ్' హోదా పొందాడు. నార్త్ అడిలైడ్‌కు 201 ఆటలు, 1968, 70, 73లో సౌత్ ఆస్ట్రేలియా లీగ్ మేటి ఆటగాడికిచ్చే మెగరీ పతకాలు, 1971, 72లో ప్రీమియర్‌షిప్‌లు. ఆ 1972లోనే దేశ చాంపియన్ ఎవరో తేల్చే పోటీలో విక్టోరియా విజేత కార్ల్‌టన్‌ను నార్త్ అడిలైడ్ ఒక్క పాయింట్‌తో ఓడించింది. 1974లో సిడ్నీలో జరిగిన రాష్ట్రాల పోటీలో మోకాలు దెబ్బతిన్నాక మునుపటి ఆట తిరిగి రాలేదు. ఏఎఫ్‌ఎల్ పట్టికల్లో అతని పేరుకు ఒక్క వరుసా ఉండదు. సౌత్ ఆస్ట్రేలియా లీగ్ రికార్డుల్లోనే వెతకాలి. విగ్రహం అడిలైడ్ ఓవల్ బయట ఉంది.